హారిక ఎందుకు బరువు పెరగలేదు?

ఘాట్ రోడ్డెక్కి మొదటి పోస్టింగుకి వచ్చే కుర్ర డాక్టర్లు నన్ను తరచూ అడుగుతుంటారు. "మేడమ్, ఈ కొండల్లో పిల్లలకి ఏ జబ్బులు ఎక్కువ?" నేను చెప్పను. చెబితే రేపటి నుంచి వాళ్లకి అవే కనిపిస్తాయి, ఎదురుగా ఉన్న పిల్ల మాత్రం కనిపించదు. "ముందు కొంతమంది పిల్లల్ని చూసి రా, తర్వాత మాట్లాడుకుందాం" అంటాను. కొందరికి కోపం వస్తుంది. రానీ.

నేను పిల్లల డాక్టర్ని. సాలూరులో పుట్టాను, పాచిపెంటలో ఉద్యోగం మొదలుపెట్టాను, ఎక్కువ కాలం అరకు వైపు ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో పనిచేసి ఈమధ్యనే రిటైరయ్యాను. ఎన్ని బదిలీలు, ఏ ప్రమోషన్ ఎందుకు ఆగింది అన్నవి రాయడం మొదలుపెడితే నాకే నిద్ర ముంచుకొస్తుంది. నిద్ర పట్టనివ్వని సంగతి వేరే ఉంది. ఏడాదిన్నరో రెండేళ్లో ఉన్న పిల్ల. పుట్టినప్పుడు బాగానే ఉంది. తర్వాతెప్పుడో బరువు పెరగడం ఆగిపోయింది. జ్వరం వస్తుంది, తగ్గుతుంది, మళ్లీ వస్తుంది. ఎందుకు?

నా సర్వీసంతా ఈ 'ఎందుకు' చుట్టూనే తిరిగింది. ఇప్పటికీ ఎవరైనా ఫోన్ చేసి ఇలాంటి పిల్ల గురించి చెబుతుంటే పొయ్యి మీద పాలు పొంగిపోయినా నాకు తెలియదు.

నోటి దురుసు పెద్దాయన

పాచిపెంటలో నా పైనున్న పెద్ద డాక్టరుగారు నర్సుల్నీ నన్నూ మాత్రమే కాదు, గోడ మీద బల్లిని కూడా తిట్టేవారు. మనిషిగా ఆయన నాకు నచ్చలేదు. ఇప్పుడు తలుచుకున్నా నచ్చరు. కానీ ఈ పని నేర్పింది మాత్రం ఆయనే, కాదంటే కళ్లు పోతాయి.

బరువు పెరగని పిల్ల వస్తే నా మెడలోని స్టెతస్కోపు తీయించి బల్ల మీద పెట్టించేవారు. "ముందు ఈ పిల్లకి రోజెలా గడుస్తుందో చెప్పు. ఎవరి చంకలో ఉంటుంది? ఎవరి పక్కన పడుకుంటుంది? ఎవరు తినిపిస్తారు?" నాకు ఒళ్లు మండేది. ఇన్నేళ్లు చదివి డాక్టర్నయ్యానా, పెళ్లిసంబంధం వాకబు చెయ్యడానికి వచ్చానా అనిపించేది. తర్వాత్తర్వాత ఆ వాకబులోనే రుచి దొరికింది.

జ్వరమూ బరువూ రెండు వేరువేరు ఫిర్యాదులు కావని కూడా అక్కడే అర్థమైంది. చాలామంది పిల్లల విషయంలో సంగతి సులువే. తల్లి పనికి పోతుంది, పిల్లకి పల్చటి అంబలి తప్ప మరేమీ పడదు. ఒంట్లో సత్తువ లేక ప్రతి జలుబూ జ్వరమై కూర్చుంటుంది. జ్వరంలో అసలే తినదు. అలా ఒకదాన్నొకటి తోసుకుంటూ పోతాయి. సరిపడా తిండి పెడితే సగం మంది తేరుకుంటారు.

తేరుకోనివాళ్ల దగ్గరే మన బుర్రకి పని. మలేరియా మళ్లీ మళ్లీ తిరగబెడుతోందా? మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉందా? మంట పుడుతోందని రెండేళ్ల పిల్ల చెప్పలేదు, జ్వరం ఒక్కటే చెబుతుంది. అందుకే మూత్రం పరీక్ష చెయ్యకుండా అలాంటి పిల్లని ఇంటికి పంపకండి. ఈ కొండల్లో సికిల్ సెల్ ఉంది, రక్తకణాలు కొడవలి ఆకారంలోకి వంగిపోయే జబ్బు, తల్లిదండ్రులిద్దరి నుంచీ వస్తుంది. గుండెలో రంధ్రం ఉండొచ్చు. టీబీ ఉండొచ్చు. ఇవన్నీ తలుచుకోవాలి, ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టాలి. "పళ్లొస్తున్నాయి, అందుకే జ్వరం" అని పంపేసే డాక్టర్లంటే మాత్రం నాకు మంట. పళ్లు అందరు పిల్లలకీ వస్తాయి. వాళ్లందరూ ఎముకలగూళ్లు కావడం లేదే?

దొరికింది, కానీ అది కాదు

హారిక తల్లి పేరు బుద్రి. నాన్నమ్మ సోంబారి, వాళ్లు మామ్మ అంటారు. బుధవారం పుట్టింది కోడలు, సోమవారం పుట్టింది అత్త. ఆ ఇంట్లో వారాల పేర్లు ఈ పిల్లతో ఆగిపోయాయి. టీవీ సీరియల్ చూసి హారిక అని పెట్టుకున్నారట.

వానాకాలంలో మొదటిసారి తీసుకొచ్చారు. ఒళ్లు కాలిపోతోంది. రక్తం చూస్తే మలేరియా ఉంది. మందిచ్చాం, జ్వరం దిగింది, అందరం సంతోషపడ్డాం. కొన్నాళ్లకి మళ్లీ వచ్చారు. ఈసారి మలేరియా లేదు, జ్వరం ఉంది. పెద్ద జ్వరం కాదు, సాయంత్రం పూట ఒళ్లు వెచ్చబడుతుంది. తక్కెడలో కూర్చోబెడితే ముల్లు కిందటిసారి ఉన్నచోటే ఆగింది. మా పోషకాహార వార్డులో ఉంచుకుని దగ్గరుండి తినిపించాం. కొంచెం ఒళ్లు చేసింది. ఇంటికెళ్లి మళ్లీ తగ్గిపోయి వచ్చింది.

అప్పుడు నాతో పనిచేసే కుర్ర డాక్టరు చైతన్య, తెలివైనవాడే, "మలేరియా దొరికింది కదా మేడమ్, దాని నీరసమే ఇంకా ఉండి ఉంటుంది" అన్నాడు. ఈ మాట నేను చాలామంది నోట విన్నాను. ఒక జబ్బు దొరికిందంటే మనకి ప్రాణం లేచొస్తుంది, ఇక వెతకబుద్ధి కాదు. కానీ ఒక ఒంట్లో ఒకే జబ్బు ఉండాలని ఎక్కడా రాసిపెట్టి లేదు. దొరికింది నిజమే, మన ప్రశ్నకి జవాబు మాత్రం అది కాదు.

మూత్రం బాగుంది. సికిల్ సెల్ లేదు. గుండె చప్పుడు శుభ్రంగా ఉంది. మెడ దగ్గర చిన్న చిన్న గడ్డలు చేతికి తగిలాయి. టీబీ కోసం చేతికి సూది వేసి చూస్తే వాపు రాలేదు. చైతన్య మొహం వెలిగిపోయింది. "చిక్కిపోయిన పిల్లకి ఆ వాపు రాకపోవచ్చు నాయనా, దాన్ని నమ్మి తలుపు మూసెయ్యకు" అన్నాను.

చుట్ట దగ్గు

పిల్ల ఎప్పుడూ సోంబారి చంకలోనే ఉండేది. బుద్రి కూలికి పోతే నడిపేదంతా ఆవిడే. వార్డు బయట మెట్ల మీద కూర్చుని, పిల్లని ఒళ్లో పెట్టుకుని, ఆవిడ ఖళ్లుఖళ్లుమని దగ్గుతుండగా నేను దాటుకుంటూ పోయాను. పోయి, వెనక్కి వచ్చాను.

"మామ్మా, నీకు దగ్గుందా?"

"దగ్గా? నాకేటి దగ్గమ్మా. లేదు."

అంటూనే మళ్లీ దగ్గింది.

"మరి ఇదేమిటి?"

"ఇది సుట్ట. దగ్గు కాదు."

బుద్రి నవ్వింది. "అత్తకి సుట్టదగ్గు డాట్రమ్మా. నాను కాపరానికి వొచ్చిన కాడ్నించీ ఉంది."

మా వైపు ఆడవాళ్లు అడ్డపొగ తాగుతారు, అంటే చుట్ట కాలే కొస నోట్లో పెట్టుకుని పీలుస్తారు. అలా తాగే ముసలమ్మలు దగ్గితే ఇంట్లోవాళ్లకి అది దగ్గు కాదు. వాకిట్లో కోడి కూసినట్టే. ఇంటింటికీ తిరిగి "ఎవరికైనా చాలా రోజులుగా దగ్గుందా" అని అడిగే ఆరోగ్య కార్యకర్తకి కూడా సోంబారి లేదనే చెప్పింది. అబద్ధం ఆడలేదు. ఆవిడకి నిజంగానే దగ్గు లేదు, చుట్ట ఉంది. మా ఓపీలో మాత్రం? చుట్ట తాగుతుందనగానే "మానెయ్యమ్మా" అని ఒక మందుబిళ్ల చేతిలో పెట్టి పంపేస్తాం. కొండవాళ్లూ డాక్టర్లూ కలిసి చేసే తప్పు ఇది.

"అప్పుడూ ఇంతే దగ్గేదా?" అని బుద్రిని అడిగాను. బుద్రి నవ్వు ఆపి ఆలోచించింది. "అంత లేదు. ఈ వానల కాడ్నించీ ఎక్కువైనాది. అత్త సిక్కిపోనాది కూడా."

సోంబారి కఫం పరీక్షకి పంపాం. పిల్లలు కఫం ఉమ్మరు, మింగేస్తారు. అందుకని హారికకి పొద్దున్నే, ఏమీ తినకముందు, ముక్కులోంచి సన్నటి గొట్టం వేసి కడుపులోని నీళ్లు తీశాం. ఛాతీ ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల మధ్య గడ్డలు ఉబ్బి కనిపించాయి. ఇద్దరి పరీక్షలోనూ టీబీ ఉందని వచ్చింది. జవాబు దొరికిందన్న ఆనందం నాకు దాచుకుందామన్నా దాగదు. ఆ పూట ల్యాబ్ కుర్రాడికి నా డబ్బాలోని జంతికలన్నీ ఇచ్చేశాను.

నిజమైన మాట

ఆ ఆనందం మధ్యాహ్నానికే చల్లారింది. హారిక తండ్రి గంగులు వచ్చాడు. నేను పక్క మంచం దగ్గరున్నాను. చైతన్య అతనికి వివరంగా, మర్యాదగా చెప్పాడు. "మీ పాపకి ఈ జబ్బు మీ అమ్మ నుంచే వచ్చింది."

తప్పేం లేదు. పుస్తకంలో ఉన్న మాటే.

గంగులు అన్నాడు. "దిసారీ ఇదే సెప్పినాడు బాబూ. ఇంట్లో ముసల్దే పిల్లని తింటంది అన్నాడు. నాను నమ్మలేదు. ఇప్పుడు నువ్వూ అన్నావు."

దిసారి అంటే ఆ ఊళ్లో పూజలు చేసి మంచి చెడు చెప్పే పెద్దమనిషి. ఆయన మీద నాకు కోపం లేదు, చాలాసార్లు పిల్లల్ని ఆసుపత్రికి తీసుకెళ్లమని పంపింది ఆయనే. కానీ ఈ మాటకి కొండ మీద ఉన్న అర్థం వేరు. ముసలి ఆడమనిషి మీద చిల్లంగి పెట్టిందన్న నింద పడితే, ఆవిడ చేతబడి చేస్తోందని ఊరు నమ్మితే, వెలివేస్తారు. కొట్టినవాళ్లూ ఉన్నారు. అంతకు మించినవీ విన్నాను. చైతన్యకి అది అప్పటికి తెలియదు. నాకు తెలుసు.

గబగబా వెళ్లాను. "ఇది పురుగు వల్ల వచ్చే జబ్బు గంగులూ. గాలిలో పోతుంది. ఎవరూ ఎవరికీ కావాలని ఇవ్వరు. మీ అమ్మకి మాత్రం ఎక్కణ్నించి వచ్చిందంటావు?"

"నాకేటి తెలుసు?"

జవాబు గుమ్మం దగ్గర్నుంచి వచ్చింది. సోంబారి పిల్లని ఎత్తుకుని ఎప్పుడొచ్చి నిలబడిందో మేమెవరం చూసుకోలేదు.

"మీ అయ్య కాడ్నించి. దగ్గి దగ్గి రగతం కక్కినాడు కదా. అప్పుడు మీరెవులూ గుమ్మం తొక్కలేదు. నానే మూతి తుడిసినాను."

గంగులు తలెత్తలేదు. ఆవిడ కోపంగా అనలేదు, అడిగినదానికి చెప్పింది, అంతే. తర్వాత హారికని బుద్రి ఒళ్లో కూర్చోబెట్టి, చెంగుతో తన నోరు మూసుకుని బయటికి వెళ్లిపోయింది. మొగుడికి సేవ చేసి ఆ పురుగుని తెచ్చుకుంది, మనవరాలిని మోసి దానికి ఇచ్చింది. రెండూ ప్రేమతో చేసిన పనులే. నాకు ఏడుపొచ్చింది, వార్డులో డాక్టరు ఏడవకూడదని మందుల చీటీ రాయడం మొదలుపెట్టాను.

జ్వరం పోయింది, బరువు రాలేదు

ఇద్దరికీ మందులు మొదలయ్యాయి. హారిక జ్వరం కొద్ది వారాల్లో మాయమైంది. మెడ గడ్డలు కరుగుతున్నాయి. కళ్లలో కాంతి వచ్చింది. తక్కెడ ముల్లు మాత్రం కదల్లేదు.

ఇదేమిటి? మందు మోతాదు చూశాం. వాంతులు లేవు. కామెర్లు లేవు. నులిపురుగుల మందు వేశాం. ఇంటికి గుడ్లూ పప్పూ అందుతున్నాయి. మందు పనిచేస్తుంటే ఈపాటికి ఒళ్లు రావాలి. నాలుగు రోజులు ఆ పిల్ల నా బుర్ర తినేసింది. చివరికి స్టెతస్కోపు తీసి బల్ల మీద పెట్టి బుద్రిని ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను.

"పిల్లకి అన్నం ఎవరు పెడుతున్నారు?"

"నానే."

"తింటుందా?"

"నోరు మూసేత్తాది. గట్టిగా పెడితే ఊసేత్తాది. అత్త పెడితే తినేది."

"అత్త ఏదీ?"

బుద్రి కొండ వైపు చూసింది. "పొలం కాడ పాకలో ఉంటంది. మందూ గంజీ నాను పట్టుకెళ్లి రాయి మీద పెట్టి దూరంగా ఉంటాను. అత్త దగ్గిరికి రానీదు."

"వెళ్లగొట్టారా?"

"ఎవులూ ఎల్లగొట్టలేదమ్మా. అదే పోనాది."

"రమ్మని ఎవరైనా పిలిచారా?"

"లేదు" అంది బుద్రి.

నాకు అప్పుడు తెలిసింది. పుట్టినప్పటి నుంచీ ఒకే చెయ్యి తినిపించిన పిల్ల. ఆ చెయ్యి ఒకరోజు మాయమైంది, ఎందుకో ఎవరూ చెప్పలేదు. చెప్పినా అర్థమయ్యే వయసు కాదు. బరువు పెరగకపోవడానికి కారణాలు చదివించే పాఠంలో ఈ కారణం కూడా ఉంటుంది, కింద ఎక్కడో ఉంటుంది. అక్కడిదాకా చదవడానికి మనకి ఓపిక ఉండదు.

పొలం కాడ పాక

తొందరపడి కొండ ఎక్కెయ్యలేదు. సోంబారి కఫంలో పురుగు లేదని తేలేదాకా ఆగాను. ఆ కాగితం రాగానే చైతన్యని జీపెక్కించాను. "నేనెందుకు మేడమ్?" అన్నాడు. "నువ్వన్న మాట ఎక్కడిదాకా పోయిందో చూడ్డానికే పోతున్నాం, నువ్వు లేకపోతే ఎలా?" అన్నాను.

పుష్యమాసపు చలి. కాఫీ కోతలు చివరికొచ్చాయి, ప్రతి వాకిట్లోనూ గింజలు ఆరబోసి ఉన్నాయి. గంగులు వాకిట్లో గింజలు తిరగేస్తూ మమ్మల్ని చూసి ఆగాడు, పలకరించలేదు. బుద్రి దారి చూపించింది. సామ పంట కోసేసిన వాలు మీద, చిన్న పాక ముందు, సోంబారి నిప్పు రాజేసుకుని కూర్చుని ఉంది. కొంచెం ఒళ్లు చేసింది. చుట్ట లేదు.

"మానేశావా?" అన్నాను.

"సూద్దామని. సుట్ట మానేత్తే పోయేది సుట్టదగ్గు, పోనిది మీ దగ్గు కదా అనుకున్నాను. మందు మొదలెట్టడం, సుట్ట మానడం ఒక్కసారే అయిపోనాయి, ఏటి వల్ల తగ్గినాదో తెల్లేదు."

నాకు నవ్వాగలేదు. ఇంత ఒంటరితనంలోనూ ఆవిడకి తన దగ్గు గురించి తెలుసుకోవాలనే ఉంది. నాలాంటిదే అనుకున్నాను.

"నీ కఫంలో ఇప్పుడు పురుగు లేదు మామ్మా. నీ నుంచి ఎవరికీ రాదు. మందు మిగతా నెలలు వేసుకో, ఇంటికి దిగిరా."

"రాదని నువ్వంటన్నావు. వొచ్చిందని ఈ బాబు అన్నాడు."

చైతన్య ఆవిడ ముందు నేల మీద కూర్చున్నాడు. "తప్పుగా అన్నాను మామ్మా."

"తప్పేటి బాబూ? నిజిమే కదా."

నిజాన్ని వెనక్కి తీసుకోవడం ఎవరి వల్ల అవుతుంది? అందుకని ఇంకో నిజం చెప్పాను. "హారిక అన్నం తినడం లేదు. జబ్బు తగ్గుతోంది, తిండి లేక చిక్కిపోతోంది. నువ్వు పెడితే తప్ప తినదు."

సోంబారి కోడలి వైపు తిరిగింది. "గుంట తింటం లేదా? నాకెందుకు సెప్పలేదు?"

"నువ్వు దిగులు పడతావని..." బుద్రి ఏడ్చేసింది.

సోంబారి ముందు నిప్పార్పింది. తర్వాత మాకన్నా బేగి కొండ దిగిపోయింది. నా మోకాళ్లు ఆ దూకుడుకి చాలక చైతన్య చెయ్యి పట్టుకుని దిగాను.

వాకిట్లోకి వచ్చాక మాత్రం ఆవిడ కాఫీ గింజల అవతలే ఆగిపోయింది. ఇరుగుపొరుగు గుమ్మాల్లోకి వచ్చి చూస్తున్నారు. ఎవరూ రమ్మనలేదు, పొమ్మనలేదు. బుద్రి సామ అన్నంలో రాజ్‌మా పప్పు వేసి గిన్నె తెచ్చి అత్త చేతిలో పెట్టింది. పిల్లని దగ్గరికి రానివ్వాలంటే ఆవిడకే భయంగా ఉంది.

"ముందు నాకో ముద్ద పెట్టు మామ్మా, అందరూ చూస్తారు" అని నేను ముందుకి జరిగాను. నా మీద నాకు ముచ్చటేసింది, ఉన్నమాట చెబుతున్నాను.

సోంబారి నన్ను ఎగాదిగా చూసింది. "నువ్వు తింటే ఏటి లాభం? పొద్దోయీసరికి జీపెక్కి పోతావు." గిన్నె కొడుకు వైపు తిప్పింది. "ఆడు తినాల."

గంగులు చేతిలో గింజలు తిరగేసే కర్ర ఉంది. చాలాసేపు దాన్నే చూస్తూ నిలబడ్డాడు. చైతన్య ఏదో అనబోతే చెయ్యి పట్టి ఆపాను. అతను తినకపోతే ఆవిడ మళ్లీ కొండెక్కిపోతుంది, ఆ పిల్ల నా చేతుల్లో ఇంకెంత చిక్కిపోతుందో తెలియదు. పురుగు లేదన్న కాగితం నా సంచిలోనే ఉంది. దాన్ని తీసి ఎవరికి చూపించాలి?

గంగులు కర్ర గోడకి ఆనించాడు. గింజల చుట్టూ తిరిగి వచ్చి తల్లి ముందు గొంతుకూర్చున్నాడు. నోరు తెరిచాడు. సోంబారి ముద్ద పెట్టింది. అతను తల వంచుకుని నములుతూనే ఉన్నాడు, మింగడం లేదు. అతని భుజాలు కదులుతున్నాయి.

హారిక అప్పటిదాకా తల్లి చంకలోంచి గిన్నెనే చూస్తోంది. కిందికి జారి, తప్పటడుగులు వేసుకుంటూ వచ్చి, రెండు చేతులతో తండ్రిని పక్కకి తోసింది. ఆ చోట తను కూర్చుని నోరు తెరిచింది.